అద్దాలు కడిగే పోల్ పైపుకు నిలిచే ఫిట్టింగులు: చంద్రపూర్ ఎండకు, బొగ్గు దుమ్ముకు తగ్గట్టు ఎంచుకోవడం

పోల్‌తో, అంటే పైన బ్రష్, లోపల నీళ్ల ట్యూబు ఉండే పొడవాటి కర్రతో, అద్దాలు కడిగే పనిలో పైపు మధ్యలో పగిలి పని ఆగడం చాలా తక్కువ. ఆగేదల్లా జాయింటు దగ్గరే. ఆసుపత్రి ముందు మూడో అంతస్తు అద్దం సగం తడిసి ఉంటుంది, కింద కప్లర్ (పైపును టక్కున కలిపి విప్పే ముక్క) ఊడి నీళ్లు రోడ్డు మీదికి పోతుంటాయి. చంద్రపూర్, బల్లార్షా, రాజురా వైపు పనిచేసేవాళ్లకు ఈ బాధ రెట్టింపు. మే నెలలో ఎండ 45, 46 డిగ్రీలు దాటుతుంది. థర్మల్ కేంద్రం, బొగ్గు గనులు, సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము ఎక్కడ చూసినా ఉంటుంది. సరైన ఫిట్టింగు దగ్గర్లో దొరక్కపోతే 150 కిలోమీటర్ల దూరంలోని నాగ్‌పూర్‌కు పోవాలి, లేదంటే హైదరాబాద్ నుంచి తెప్పించుకోవాలి. ఇరవై రూపాయల ముక్క కోసం ఒక రోజు కూలి పోతుంది. అందుకే కొనేటప్పుడే కొలత, లోహం, రబ్బరు చూసి కొనాలి. ఈ మూడింటిలోనూ కొలతే ముందు. మంచి లోహమైనా కొలత తప్పితే నిలవదు.

ముందు మీ లైను ఒకసారి నేల మీద పరిచి జాయింట్లు లెక్కపెట్టండి. ట్యాంకు నుంచి పంపుకు, పంపు నుంచి రీలుకు, రీలు నుంచి పెద్ద పైపుకు, పైపు చివర కప్లర్‌కు, అక్కడి నుంచి పోల్ లోపలి సన్న ట్యూబుకు, పైన ధారను రెండుగా చీల్చే వై ముక్కకు, బ్రష్ దగ్గర నీళ్లు చిమ్మే రెండు జెట్లకు. మామూలు సెట్టులోనే పది దాకా వస్తాయి. పైపు పాతబడేకొద్దీ, కోసి అతికిన చోటల్లా ఇంకోటి చేరుతుంది. ఒక్క పైపులో మధ్య అతుకులు రెండు దాటితే ఆ పైపు మార్చడమే మేలు. ప్రతి జాయింటూ కారే చోటే, నీటి దారిని కాస్త ఇరుకు చేసే చోటు కూడా.

కొలత: మిల్లీమీటరు, ఇంచు కలిసిపోయే చోటే గొడవ

పోల్ లోపలికి ఎక్కువగా వాడేది బయటి కొలత 8, లోపలి కొలత 5 మిల్లీమీటర్లు ఉన్న పీయూ (పాలీయురెథేన్) ట్యూబు. కంప్రెసర్ సామాన్లు అమ్మే దుకాణంలో గాలి కోసం అమ్మేదీ ఇదే కొలత కాబట్టి ఎక్కడైనా దొరుకుతుంది. చిక్కు ఎక్కడంటే, నీళ్లు శుద్ధి చేసే ఆర్వో మిషను వైపు ట్యూబులన్నీ ఇంచుల్లో ఉంటాయి. పావు ఇంచు అంటే 6.35 మిల్లీమీటర్లు. మూడు బై ఎనిమిది ఇంచు అంటే 9.52. చేతిలో పట్టుకుంటే 6 మిల్లీమీటర్ల ట్యూబూ, పావు ఇంచు ట్యూబూ ఒకేలా ఉంటాయి.

పావు ఇంచు ఆర్వో ఫిట్టింగులో 6 మిల్లీమీటర్ల ట్యూబు దూర్చితే హాయిగా దూరుతుంది. పొద్దున నీడలో నీళ్లు కూడా కారవు. పదకొండింటికి ట్యూబు వేడెక్కి మెత్తబడ్డాక, పోల్ దగ్గర వాల్వు కట్టేసిన క్షణంలో పంపు ఒత్తిడి తగిలి ఎగిరిపోతుంది. తిరగేసి, 6 మిల్లీమీటర్ల ఫిట్టింగులో పావు ఇంచు ట్యూబు పట్టదు. కొందరు బ్లేడుతో గీకి పట్టిస్తారు. ఆ గీతల వెంబడే నీళ్లు కారతాయి. మూడు బై ఎనిమిదికీ 10 మిల్లీమీటర్లకూ ఇదే తంటా. ఒక్క 8 మిల్లీమీటర్లదే అదృష్టం: ఇంచుల్లో ఐదు బై పదహారు అంటే 7.94, కాబట్టి రెండూ ఒకదాన్లో ఒకటి పనిచేస్తాయి. పంపు తర్వాత లైనంతా 8 మిల్లీమీటర్ల మీదే పెట్టుకోమని చెప్పడానికి ఇదొక్కటే కారణం చాలు. ఇంచులన్నీ ఆర్వో ట్యాంకు దగ్గరే ఆగిపోవాలి, పని జాగాకు రాకూడదు.

దుకాణంలో మాట దగ్గరా జాగ్రత్త. ఇక్కడ మరాఠీలో 'పావ్ ఇంచీ' అంటే పావు ఇంచే, కానీ 'పాఊణ్ ఇంచీ' అంటే ముప్పావు. తెలుగు చెవికి రెండూ పావులాగే వినిపిస్తాయి. నల్లాకు బిగించే ముప్పావు ముక్క తెమ్మని కుర్రాణ్ణి పంపితే పావు ఇంచు ముక్క పట్టుకొస్తాడు. పేరు చెప్పి కాదు, పాత ముక్క చేతికిచ్చి పంపండి. కొలత చూసే ప్లాస్టిక్ వెర్నియర్ ఒకటి సంచిలో ఉంటే ఇంకా మంచిది.

మరలు కొలిచేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది, అర ఇంచు మర అంటే బయట అర ఇంచు ఉండదు. మన దగ్గర నల్లాలకూ వాల్వులకూ ఉండే బీఎస్పీ (బ్రిటిష్ పైపు) మరలో పావు ఇంచుది బయట 13.2 మిల్లీమీటర్లు, అర ఇంచుది 21, ముప్పావుది 26.4 వస్తుంది. విదేశాల నుంచి తెప్పించిన పోల్ కిట్లలో అమెరికా ఎన్పీటీ మర కూడా వస్తుంటుంది. పావు ఇంచు బీఎస్పీలో ఇంచుకు 19 మరలు, ఎన్పీటీలో 18. రెండు మూడు చుట్లు తిరిగి పట్టేస్తుంది, బిగిసిందనిపిస్తుంది. పానాతో ఇంకాస్త బిగిస్తే ఇత్తడి మర నలిగిపోతుంది, ప్లాస్టిక్ అయితే పగులుతుంది. చేత్తో నాలుగైదు చుట్లు తేలిగ్గా తిరగని మరను పానాతో తిప్పకండి.

లోహం: అయస్కాంతం, ఆకురాయి

గాలి కోసం చేసిన కప్లర్లు చూడ్డానికి తళతళలాడతాయి. చాలావాటి లోపల ఉండేది మామూలు ఇనుము, పైన పూత. గాలికి అది సరిపోతుంది. నీళ్లు పోస్తే నెల తిరక్కుండా లోపలి స్ప్రింగు దగ్గర తుప్పు మొదలవుతుంది. ఆ తుప్పు పొడి రెండు మిల్లీమీటర్లు కూడా లేని జెట్ రంధ్రంలో ఇరుక్కుంటుంది, లేదా గోధుమ రంగు చారగా అద్దం మీద దిగుతుంది. శుద్ధి చేసిన నీటితో ఈ పని ఇంకా త్వరగా అవుతుంది. కరిగిన లవణాలు తీసేసిన నీరు తనకు తగిలిన లోహాన్ని కొద్దికొద్దిగా కరిగించుకోవాలని చూస్తుంది.

దుకాణంలోనే తేల్చుకోవచ్చు. చిన్న అయస్కాంతం ఆనించండి. గట్టిగా అతుక్కుంటే ఇనుము, తిరిగిచ్చేయండి. ఇత్తడి అతుక్కోదు, 304 స్టెయిన్‌లెస్ స్టీలు దాదాపు అతుక్కోదు. లోపలి స్ప్రింగు దగ్గర కొంచెం లాగినట్టనిపిస్తే దానికి భయపడక్కర్లేదు. రెండో మోసం జింకు పోత ముక్కలది. అవీ అయస్కాంతానికి అంటవు. మరల దగ్గర కనబడని చోట ఆకురాయితో ఒక్క గీత గీయండి. కింద పసుపు రంగు వస్తే ఇత్తడి, బూడిద తెలుపు వస్తే జింకు. జింకు ముక్క చేతికి తేలిగ్గా కూడా ఉంటుంది, కింద పడితే మర దగ్గర విరుగుతుంది.

రోజూ వాడే లైనుకు నికెల్ పూత ఉన్న ఇత్తడి చాలు. స్టెయిన్‌లెస్ ఖర్చు పెట్టదలిస్తే ఒకే ఒక చోట పెట్టండి: పోల్ అడుగున, నేల మీద ఈడ్చుకుంటూ పోయే కప్లర్. మిగతా చోట్ల అంత అవసరం లేదు.

కప్లర్: ఏ వైపు ఏది

పోల్ మార్చేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు టక్కున విప్పి పెట్టడానికే కప్లర్. మన మార్కెట్లో ఎక్కువగా దొరికేది 20 సిరీస్. ముక్క మీద అక్షరాలు చదవడం తెలిస్తే సగం తప్పులు పోతాయి. మొదటి అక్షరం ఎస్ అయితే నిపుల్‌ను పట్టుకునే కప్లర్, పీ అయితే దాన్లో దూరే నిపుల్. రెండో అక్షరం అడుగు భాగం చెబుతుంది: హెచ్ అంటే పైపులోకి దూర్చే గాట్లది, ఎం అంటే బయటి మర, ఎఫ్ అంటే లోపలి మర, పీ అంటే పీయూ ట్యూబును నట్టుతో బిగించేది. ఎస్పీ20, పీపీ20 అనేవి 8 బై 5 పీయూ ట్యూబు కోసమే. అయితే ఈ కుటుంబంలోనే ఇనుప ముక్కలు ఎక్కువ. నంబరు సరిపోయింది కదా అని అయస్కాంతం పరీక్ష వదిలేయకండి.

విదేశీ కిట్లతో వచ్చేది ఎక్కువగా 21 సిరీస్. చిన్నగా, తేలిగ్గా, పోల్‌కు తగ్గట్టు ఉంటుంది. 20 నిపుల్ 21 కప్లర్‌లో కూర్చోదు. ఏదైనా ఒకటి ఎంచుకుని లైనంతా, అన్ని పోల్‌లకూ అదే పెట్టాలి. ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేసే చోట ఈ ఒక్క నియమం పాటిస్తే ఒకరి పోల్ ఇంకొకరికి అక్కరకొస్తుంది.

వాల్వు ఉండే కప్లర్ భాగం పంపు వైపు పైపుకు, ఉత్త నిపుల్ పోల్ వైపుకు. అప్పుడు విప్పగానే పంపు వైపు నీళ్లు ఆగుతాయి, పోల్‌లో మిగిలిన కాసిని నీళ్లు కారిపోతాయి. తారుమారుగా బిగిస్తే విప్పిన ప్రతిసారీ పంపు నీళ్లు ముఖాన కొడతాయి. రెండు వైపులా వాల్వులున్న రకం కొనకండి. నీళ్లు రెండు స్ప్రింగులు తోసుకుని వెళ్లాలి, పైన బ్రష్ దగ్గర ధార సన్నగిల్లుతుంది. పది మీటర్ల ఎత్తుకే దాదాపు 1 బార్ ఒత్తిడి ఖర్చవుతుంది. మిగిలినదాన్ని ఫిట్టింగులకు పోసుకోవద్దు.

ఏ ఫిట్టింగు ఎంత ధార తింటోందో తెలుసుకోవడానికి లీటరు సీసా చాలు. ఆ ఫిట్టింగు ఉంచి ఒకసారి, తీసి నేరుగా కలిపి ఒకసారి సీసా నింపి సెకన్లు లెక్కపెట్టండి. 30 సెకన్లలో నిండితే నిమిషానికి 2 లీటర్లు వస్తున్నట్టు. అద్దాల పనికి అది హాయిగా సరిపోతుంది. ఫిట్టింగు పెట్టగానే 40కి పోతే దాని దారి ఇరుకు, లేదా లోపల చెత్త ఉంది.

ట్యూబు, పుష్ ఫిట్టింగు

పీయూ ట్యూబులో రెండు జాతులున్నాయి. పాలిఎస్టర్ పీయూ గాలికి బాగుంటుంది. వేడిలో, తేమలో నెలల తరబడి నానితే లోపల్నుంచి చిట్లి జిగురుగా మారుతుంది. నీళ్లకు పాలిఈథర్ పీయూ అడగాలి. చుట్ట మీద రాసి లేకపోతే అమ్మేవాణ్ణి గట్టిగా అడగండి. తెలియదంటే పోల్ వరకు మాత్రమే వాడండి, ఎండలో పడుండే పెద్ద పైపుగా వాడొద్దు.

వేలితో తోస్తే పట్టుకునే ప్లాస్టిక్ పుష్ ఫిట్టింగులు నీడలో ఉన్నంతకాలం మంచివే. ట్యాంకు, ఫిల్టర్ల దగ్గర, బండి లోపల పెట్టండి. ఎండలో నేల మీద లాగే చోట వద్దు. లోపల పళ్ల రింగు ట్యూబు పైచర్మాన్ని పట్టుకుంటుంది, ట్యూబు మెత్తబడితే ఆ పట్టు జారుతుంది. అక్కడ పెట్టక తప్పకపోతే ట్యూబు నోట్లోకి దూర్చే సన్న ఆధారపు గొట్టం ముక్క, రింగు వెనక బిగించే లాకు క్లిప్పు రెండూ పెట్టాలి.

పెట్టే పద్ధతి ఇది: ట్యూబును కత్తెరతో కాదు, ట్యూబు కట్టరుతో నిటారుగా కోయాలి. ఏటవాలుగా కోస్తే ఒక వైపు లోపల నీళ్లు ఆపే రబ్బరు ఓ-రింగు దాటి, రెండో వైపు దాటదు. లోపలికి ఆగేదాకా తోసి, నోటి దగ్గర పెన్నుతో గీత పెట్టి, వెనక్కి లాగి చూడండి. గీత రెండు మిల్లీమీటర్ల కంటే బయటికొస్తే సరిగా కూర్చోలేదు. విప్పి మళ్లీ పెట్టే ప్రతిసారీ పళ్ల గాట్లు పడ్డ చివర ఒక సెంటీమీటరు కోసేయండి. పాత గాటు ఓ-రింగు కింద పడితే ఎంత తోసినా చుక్క ఆగదు.

గాట్ల నిపుల్ బిగించడం

పెద్ద పైపు చివర నిలిచే జాయింటు ఇదొక్కటే. పైపు లోపలి కొలత 8 అయితే నిపుల్ 8దే కావాలి. 6ది పెట్టి క్లిప్పుతో బిగిస్తే ఆ సాయంత్రానికి ఊడుతుంది.

పైపు చివర నిటారుగా కోసి, రెండు అంగుళాల మేర వేడినీళ్లలో, చాయ్ తాగగలిగేంత వేడిలో, ఒక నిమిషం ముంచండి. లైటర్‌తో కాల్చొద్దు. కాలిన ప్లాస్టిక్ అక్కడే పెళుసెక్కి వారం తర్వాత చీలుతుంది. క్లిప్పును ముందే పైపు మీదికి ఎక్కించి పెట్టుకోండి, తర్వాత ఎక్కదు. నిపుల్‌ను శుభ్రమైన నీళ్లతో తడిపి, తిప్పుతూ కాదు, నేరుగా తోస్తూ కాలరు తగిలేదాకా దించండి. సబ్బు, నూనె వాడితే దూరడం తేలికే, జారి ఊడిపోవడమూ తేలికే. అందులోని నూనె అద్దం మీద మచ్చలు కూడా వేస్తుంది.

క్లిప్పు దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. పైపు కొస మీద బిగిస్తే కింద గాట్లు ఉండవు, కొస నలిగి చీలుతుంది. కొస నుంచి నాలుగైదు మిల్లీమీటర్లు వదిలి, గాట్లు ఉన్న భాగం మీదే బిగించాలి. స్క్రూతో తిప్పే హోస్ క్లిప్పు పైపును గుండ్రంగా పట్టదు, స్క్రూ ఇల్లున్న వైపు చిన్న సందు ఉండిపోతుంది. పైగా ఆ స్క్రూ తల కారు తలుపును గీస్తుంది, మెట్ల అంచుకు తట్టుకుంటుంది, చేయి కోస్తుంది. చెవిలా మడత ఉండి పిన్సరుతో నొక్కి బిగించే స్టెయిన్‌లెస్ ఇయర్ క్లాంపు మేలు. పైపు బయటి కొలతను నిపుల్ ఎక్కించాక కొలిచి దానికి తగ్గది తీసుకోండి. నొక్కాక చెవి కాళ్లు దాదాపు కలవాలి. అస్సలు నొక్కుడు పడకుండానే కలిసిపోయాయంటే క్లాంపు పెద్దది.

పోల్ అడుగున కప్లర్ వెనక పైపు ఎప్పుడూ ఒకే చోట వంగుతుంది, అక్కడే చిట్లుతుంది. ఆ చోట ఒక అడుగు పొడవు స్ప్రింగు తొడుగు వేయండి. లేదంటే అడుగున్నర మెత్తటి ట్యూబు ముక్క మధ్యలో పెట్టుకోండి. చిట్లితే ఆ ముక్క మారుస్తారు, పెద్ద పైపు దక్కుతుంది.

టెఫ్లాన్ టేపు, రబ్బరు రింగులు

టేపు కొసకు పోయేకొద్దీ సన్నబడే మరలకు మాత్రమే. వాషరు మీద కూర్చునే, పొడవునా ఒకే లావుండే మరకు వద్దు, అక్కడ నీళ్లు ఆపేది వాషరే. మర కొస మీ వైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కున మూడు నాలుగు చుట్లు లాగి చుట్టండి. మొదటి మర ఖాళీ వదలాలి. అక్కడిదాకా చుడితే కొసలు చిరిగి నీళ్లలో కొట్టుకుపోయి జెట్‌లో దూరతాయి. సగం ధార వస్తున్న జెట్‌ను విప్పి పిన్నుతో గుచ్చితే తెల్లటి దారంలా బయటికొచ్చేది చాలాసార్లు ఇదే.

కప్లర్ లోపలి రింగుల్లో ఈపీడీఎం రబ్బరు ఎండకూ నీళ్లకూ బాగా ఓర్చుకుంటుంది. నైట్రైల్ రబ్బరు నీళ్లకు ఫర్వాలేదు కానీ ఎండలో పగుళ్లిస్తుంది. రింగును కొద్దిగా సాగదీసి వెలుతురుకు పెట్టి చూడండి. అడ్డంగా సన్న గీతలు కనబడితే మార్చే సమయం. ఒక వైపు బల్లపరుపుగా అయినా అంతే. ఈపీడీఎంకు వాజ్‌లైన్, గ్రీజు పూయకండి, ఉబ్బిపోయి గాడిలో పట్టదు. సిలికాన్ గ్రీజు గోరు కొసంత చాలు.

ఎండలో ఒత్తిడి

ఇది ఇక్కడివాళ్లకే ఎక్కువ అవసరం. మధ్యాహ్నం భోజనానికి పోయేటప్పుడు పోల్ దగ్గర వాల్వు కట్టేసి, పంపు ఆపేసి వెళ్తారు. పైపులో నీళ్లు ఒత్తిడితోనే ఉంటాయి. లోపలి కొలత 8 మిల్లీమీటర్లున్న పెద్ద పైపు 50 మీటర్లలో దాదాపు రెండున్నర లీటర్ల నీళ్లు పడతాయి. అవి 25 డిగ్రీల నుంచి 60కి వేడెక్కితే సుమారు 35 మిల్లీలీటర్లు పెరుగుతాయి. వాల్వు మూసి ఉంటే ఆ నీళ్లకు దారి లేదు. అదే సమయానికి పైపూ మెత్తబడి ఉంటుంది. అన్నం తిని వచ్చేసరికి ఒక జాయింటు ఊడి ఉంటుంది.

కాబట్టి పంపు ఆపాక పోల్ వాల్వు తెరిచి ధార ఆగేదాకా ఉంచండి, ఆ తర్వాతే వదలండి. చుట్టిన రీలును చెట్టు కిందికో, బండి నీడకో జరపండి. నల్ల పైపు కంటే లేత రంగు పైపు తక్కువ వేడెక్కుతుంది. కొత్తది కొనేటప్పుడు అది కూడా చూడండి.

వాల్వును టక్కున మూసే అలవాటు కూడా జాయింట్లకు చేటు. పారుతున్న నీళ్లు ఒక్కసారి ఆగితే పంపు చూపే ఒత్తిడి కంటే ఎక్కువ దెబ్బ తగులుతుంది. బాల్ వాల్వు పిడిని ఒక సెకను తీసుకుని మూయండి.

ఎక్కడ కారుతోందో పట్టుకోవడం

పోల్ వాల్వు మూసి పంపు నడవనివ్వండి. ఒత్తిడి నిండగానే పంపు ఆగాలి, ఆగే ఉండాలి. కాసేపటికోసారి గుర్‌మని తిరిగి ఆగుతుంటే పంపు తర్వాత ఎక్కడో కారుతోంది. ప్రతి జాయింటుకూ పొడి కాగితం చుట్టి ఐదు నిమిషాలాగి చూడండి. చుక్క కనబడకపోయినా కాగితం చెబుతుంది.

పంపు ఆగకుండా గడగడలాడుతూ, ధారలో బుడగలు వస్తుంటే తప్పు పంపుకు ముందుంది. ట్యాంకుకూ పంపుకూ మధ్య జాయింటు గాలి పీలుస్తోంది. అక్కడ బయటికి ఒక్క చుక్క కూడా రాదు, అందుకే దీన్ని వెతకడానికి గంటలు పోతాయి. ఆ వైపు జాయింట్ల మీద ఒక్కోదాని మీద గ్లాసెడు నీళ్లు పోస్తూ పోండి. ఎక్కడ పోసినప్పుడు శబ్దం మారుతుందో అదే.

దుమ్ము, సున్నం

కప్లర్ వెనక్కి లాగే రింగు కింద చిన్న గోళీలుంటాయి. బొగ్గు దుమ్ము, సిమెంటు దుమ్ము అక్కడ చేరితే రింగు పూర్తిగా ముందుకు రాదు. కలిసినట్టే ఉంటుంది, లాగితే ఊడుతుంది. సాయంత్రం పని అయ్యాక బకెట్టు శుభ్రమైన నీళ్లలో ముంచి, రింగును పదిసార్లు ముందుకూ వెనక్కూ ఆడించండి. పట్టేసిందని తుప్పు వదిలే స్ప్రే కొట్టకండి. ఆ నూనె రేపు పొద్దున మొదటి అద్దం మీదికే ఎక్కుతుంది, ఎంత కడిగినా మరకలు పోవు. విప్పి ఉన్న కప్లర్‌కు రబ్బరు మూత పెట్టడం అలవాటు చేసుకోండి.

నల్లా నీళ్లు తగిలే వైపు ముక్కలకు తెల్లటి సున్నం పేరుకుంటుంది. లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టి కడిగితే వదులుతుంది. శుద్ధి చేసిన నీటి వైపు కూడా అలా సున్నం కనబడుతోందంటే ఫిట్టింగును కాదు, ఫిల్టరును చూడాలి. నీళ్లలో కరిగిన లవణాలు చూపే టీడీఎస్ మీటరు పెట్టండి.

సంచిలో ఉండాల్సినవి

కప్లర్లు రెండు, నిపుల్‌లు రెండు, మీరు ఎంచుకున్న సిరీస్‌వే. 8 మిల్లీమీటర్ల గాట్ల జాయినర్లు రెండు, అదే కొలత పుష్ జాయినరు ఒకటి. ఇయర్ క్లాంపులు ఆరు, పిన్సరు. ప్రతి సైజు ఓ-రింగులు నాలుగేసి, చిన్న డబ్బాలో నీడన. ట్యూబు కట్టరు, టేపు చుట్ట, రెండు మీటర్ల 8 బై 5 ట్యూబు, ఒక జత జెట్లు. అర ఇంచు నుంచి ముప్పావుకు మార్చే ఇత్తడి ముక్క ఒకటి కూడా పెట్టుకోండి, ఎందుకంటే కొత్త భవనంలో నల్లా ఏ సైజుదో ముందే తెలిసే వీలు ఉండదు.